విమానపు చుక్కానులలో దాగు త్రుప్పు

కల్హేరు పొలములలో పనిచేయువారికి ఆకాశమున విమానము కనబడుట వింత గాదు. మనకు పొరుగుననున్న బీదరులో భారత వాయుసేనవారి శిక్షణ స్థావరము కలదు. సూర్యకిరణ్ అను విన్యాసదళము 1996వ సంవత్సరమున నెలకొల్పబడినది అక్కడనే. హైదరాబాదు వైపు పోయినచో దుండిగల్లులో వాయుసేన అకాడమీ యున్నది. బేగంపేటనుండి ప్రయాణికుల విమానములు 2008 మార్చిలో శంషాబాదునకు తరలిపోయినను, చిన్న విమానములపై చోదకవిద్య నేర్పుట అక్కడ అటుపిమ్మటను సాగినది. విమానము తలమీదుగా పోవునపుడు మన బాలబాలికలు దానిని నడపువానిని గూర్చియే యడుగుదురు. అతడెక్కుటకు ముందు ఆ విమానమును చేతితో తడవి, వ్రేలితో తట్టి, దీపము పట్టి చూచి, పుస్తకములో సంతకము చేయు మఱియొక మనుష్యుడు కలడు. అతని పనులలో మిక్కిలి చిన్నదిగా కనబడు నొకదానిని గూర్చి యిక్కడ వివరింప దలచితిని. విమానపు చుక్కానులలో కంటికి కనబడక దాగియుండు త్రుప్పును కనిపెట్టుట ఆ పని.

ముందుగా చుక్కానులననేవో తెలిసికొనవలయును. చిన్న విమానము రెక్కల వెనుకటి యంచున, కొనల దగ్గఱ, రెండు పలకలుండును. వానిని ఎయిలరానులందురు. ఒకటి పైకి లేచినపుడు రెండవది క్రిందికి దిగును. విమానము ఒక ప్రక్కకు ఒరగును. తోకయందు అడ్డముగా నున్న పలక ఎలివేటరు. అది ముక్కును ఎత్తును, దింపును. తోకపై నిలువుగా నున్నది రడ్డరు. పడవకు చుక్కాని యెట్టిదో దీనికి అది దాదాపుగా అట్టిది. ఎలివేటరు వెనుకటి యంచున ట్రిమ్ ట్యాబు అను చిన్న పలక తగిలింపబడి యుండును. చోదకుని చేతికి బరువు తగ్గించుట దాని పని. ఇవన్నియు తలుపులవలె కీళ్ళపై తిరుగును. ఈ వ్యాసములో సౌకర్యముకొఱకు అన్నిటిని చుక్కానులనియే పిలిచెదను.

ఒక చుక్కానిని కోసి చూచినచో లోపల నొక సన్నని దూలమును, దానికి అడ్డముగా పక్కటెముకలవంటి పట్టీలును, వానిపై రివెట్లతో బిగించిన పలుచని రేకును కనబడును. ఆ రేకు చిన్న విమానములలో పలుచోట్ల అర మిల్లీమీటరు మందమైనను ఉండదు. రెండు పోస్టుకార్డులు కలిపి పట్టుకొన్నచో ఆ మందము చేతికి తెలియును. ఇంత పలుచని రేకులో త్రుప్పు వెండ్రుకవాసి లోతునకు దిగినను, దిగిన మేరకు బలము తగ్గినట్లే. బండి ఇరుసునకు గాని, నాగటికఱ్ఱునకు గాని ఆ మాత్రపు త్రుప్పును మన మెవ్వరమును లెక్కచేయము.

ఇనుమునకు త్రుప్పు పట్టిన విషయము ఎల్లరకు తెలియును. ఎఱ్ఱగా పొడి రాలును, చేతికంటును. విమానపు రేకు అల్యూమినియము కలిసిన లోహము. మన యిండ్లలో సత్తుగిన్నె, సిల్వరు గిన్నె యని పిలుచునవి ఈ జాతివే. ఈ లోహమునకు గాలి తగిలినవెంటనే దానిపై మిక్కిలి పలుచని పొర యొకటి ఏర్పడి, క్రిందనున్న లోహమును కాపాడును. అయితే గిన్నెలో చింతపండు పులుసును రాత్రియంతయు నిలువయుంచి చూడుడు. ఉదయమునకు అడుగున మచ్చలు, కొంతకాలమునకు సూదిబెజ్జములు కనబడును. పులుపు గాని, ఉప్పు గాని తగిలినచోట ఆ కాపుపొర నిలువదు.

విమానములకు మెత్తని శుద్ధమైన అల్యూమినియము పనికిరాదు. జర్మను దేశీయుడగు ఆల్ఫ్రెడ్ విల్మ్ అను లోహశాస్త్రవేత్త 1906వ సంవత్సర ప్రాంతమున, అల్యూమినియమునకు నూటికి నాలుగు పాళ్ళు రాగిని, కొంచెము మెగ్నీషియమును చేర్చి కాచి చల్లార్చినచో, కొన్ని దినములు ఊరకుండినమీదట ఆ లోహము తనంతట తానే గట్టిపడుటను కనుగొనెను. దానికి డ్యూరాలుమిన్ అని పేరు వచ్చినది. నేటి చిన్న విమానముల రేకులలో పెక్కు దాని సంతతివే. బలమిచ్చిన రాగియే ఇక్కడ చేటునకును కారణమైనది. లోహములోని కణికల నడుమ హద్దులలో రాగి చేరియుండుటవలన, తడి తగిలినపుడు త్రుప్పు ఆ హద్దుల వెంబడి లోలోపలికి పాకుచు పోవును. పైన చూచిన నున్నగానే యుండును. లోపల గోడలో చెద పట్టినట్లే. 1927లో అమెరికాలో ఈ రేకునకు రెండు వైపులను శుద్ధ అల్యూమినియపు పలుచని పొర నతికించు పద్ధతి వచ్చినది. ఆల్‌క్లాడ్ అందురు. అది మంచి రక్షణయే. కాని రేకును కోసిన యంచులయందును, రివెట్టుకొఱకు తొలిచిన రంధ్రములయందును ఆ పొర ఉండదు గదా. పరీక్షకుడు మొదట అనుమానించు చోట్లు అవియే.

రెండు వేర్వేరు లోహములు తడిలో ఒకదానినొకటి తాకినపుడు జరుగునది వేఱొక సంగతి. లోహములపై లవణపు తడి చూపు ప్రభావము మన ప్రాంతమువారికి క్రొత్త గాదు. బీదరు పనివారు చేయు బిద్రీ పాత్రలు యశదమున కొంచెము రాగి కలిపి పోతపోసినవి. వానిలో వెండి తీగలు పొదుగుదురు. పిదప బీదరు కోటలోని పాతమట్టిని నవాసారముతో కలిపి ఆ పాత్రకు పూయుదురు. పాత్ర నల్లబడును, వెండి తెల్లగానే నిలుచును. ఒకే ముద్ద పూసినను ఒక లోహము మాఱినది, రెండవది మాఱలేదు. అక్కడ పనివాడు కోరి చేయించుకొన్న మార్పు అది. విమానములో చుక్కాని కీలునకు ఉక్కుచీల యుండును, కీలు అల్యూమినియముది. నడుమ వాననీరో మంచునీరో చేరినచో అక్కడ చిన్న విద్యుత్‌ఘటము ఏర్పడినట్లే. అల్యూమినియము తినివేయబడుచు ఉక్కును కాచును. దీనిని ఎవ్వరును కోరలేదు, చూచువారును లేరు.

ఇక నీరెక్కడ నిలుచునో విచారింతము. నా అభిప్రాయమున ఈ పనిలో సగము విద్య యిదియే. వానకాలమున ఆరుబయట కట్టిన విమానముమీద వాన పడుట సరియే, అది యెల్లరకు కనబడును. శీతకాలపు మంచు అంతకంటె మోసకారి. మన పీఠభూమిపై మార్గశిర పుష్యమాసములలో రాత్రి చలికి రేకు చల్లబడి, లోపలి గాలిలోని తేమ రేకు లోతట్టున బిందువులుగా నిలుచును. బయట ఎండకు ఆరినను లోపల ఆరదు. విమానము నేలపై నిలిచియున్నపుడు పెక్కు రకములలో ఎలివేటరు వెనుకటి యంచు క్రిందికి వ్రేలును. ఆ నీరంతయు జాఱి రెండు రేకులు కలియు సన్నని యంచులో చేరును. దానికొఱకే తయారుచేయువారు అడుగున చిన్న రంధ్రములను ఉంచుదురు. ఆ రంధ్రములో మట్టిగూడు కట్టు కందిరీగ ప్రవేశించును. లేదా రంగు వేయువాడు తొందరలో దానిని మూసివేయును. లేదా ధూళియే చాలును. ఎలుక చేరినచో మఱియు కష్టము. దాని మూత్రము రేకును తినివేయుటలో చింతపండు పులుసును మించినది. మూలమూలల గడ్డిపోచలు కనబడిన విమానమును పాతకాపులు ఎన్నడును తేలికగా విడువరు.

కొన్ని విమానములలో పలుచని రేకునకు గట్టితనము కలుగుటకై లోపల నురుగువంటి పదార్థమును నింపుదురు. సెస్నా సంస్థవారి కొన్ని రకముల ట్రిమ్ ట్యాబులు అట్టివి. నురుగు పాతబడి నీటిని పీల్చుకొన్నచో, తడి గుడ్డను రేకులో చుట్టి యుంచినట్లగును. త్రుప్పు లోపలనుండి బయటికి వచ్చును. బయటి రేకుపై సూదిమొన యంత మచ్చ కనబడునప్పటికి లోపలి పని చాలవఱకు ముగిసియుండును. సెస్నా 152 అను శిక్షణ విమానపు నిర్మాణము 1985లోనే నిలిచిపోయినది. కావున నేడు దానిపై విద్య నేర్చుకొను యువకునికంటె ఆ విమానము వయసున చాల పెద్దది. ఎన్ని వానకాలములు, ఎన్ని మంచురాత్రులు దానిపై గడచినవో లెక్కింపుడు. బోనాంజా అను వేఱొక విమానమునకు వి ఆకారపు తోక యుండెడిది. 1947 మొదలు నిర్మింపబడిన ఆ తోకపలకలకు వాడిన రేకు మెగ్నీషియము. అది అల్యూమినియముకంటె తేలిక. త్రుప్పునకు లొంగుటలో దానికంటె చాల సులువు.

పాతకాలపు విమానములలో చిక్కు మఱియొక తీరుది. 1945లో నిజాము ప్రభుత్వమును టాటావారును కలిసి స్థాపించిన డెక్కన్ ఎయిర్‌వేస్ సంస్థ డకోటా విమానములను నడపెడిది. 1953లో అది ఇండియన్ ఎయిర్‌లైన్సులో కలిసిపోయినది. డకోటా శరీరమంతయు రేకుదైనను, చుక్కానులకు మాత్రము లోహపు చట్రముపై గుడ్డను బిగించి కట్టి, లేపనము పూసెడివారు. గుడ్డ క్రింది చట్రమునకు త్రుప్పు పట్టినదో లేదో గుడ్డ విప్పిననే గాని రూఢిగా తెలియదు. తేలికతనము లాభము, మఱుగు నష్టము.

ఇంత చిన్న పలకకు త్రుప్పు పట్టినచో ఏమి మునిగినదని యెవరైన నడుగవచ్చును. రెక్కయే విఱిగిన మాట వేఱు గాని, పలక మూల రాలినంత మాత్రమున విమానము పడునా? ఇక్కడ తూకము సంగతి తెలియవలయును. చుక్కాని తన కీలుపై తక్కెడవలె తూగవలయును. అందులకే కీలునకు ముందువైపున సీసపు దిమ్మలను అమర్చుదురు. వెనుకటి యంచు కీలునకు దూరమున నున్నది గనుక, అక్కడ చేరిన కొద్ది బరువునకే పెద్ద ప్రభావము కలుగును. ఏతాముపై నడచు మనుష్యుని చూచినవారికి ఈ మాట వివరింప నక్కఱలేదు. అతడు కొనవైపు రెండడుగులు వేసినంతనే దూలము దిగిపోవును. వెనుకటి యంచులో నిలిచిన నీరు, తడిసిన నురుగు, మితిమీఱి వేసిన రంగు, తగని చోట వేసిన అతుకు, ఇవన్నియు ఆ కొనపై నడచు మనుష్యునివంటివే. తూకము చెడిన చుక్కాని అధికవేగమున గాలిలో జెండావలె కొట్టుకొనసాగును. దీనిని ఫ్లట్టరు అందురు. ఒకమాఱు మొదలైనచో ఒక్కొక్క ఊపు తరువాతి ఊపునకు బలమిచ్చును. కొలది క్షణములలో కీలు తెగుటయు, తోక విఱుగుటయు సంభవింపవచ్చును. చోదకునికి ఆలోచించు వ్యవధి యుండదు. త్రుప్పు తిని వదులైన కీలు, సన్నగిలిన రేకు ఈ యూపును ఆపలేవు సరికదా, దానికి త్రోవ చేయును.

దాగిన త్రుప్పు ఎంత దూరము కొనిపోగలదో లోకమునకు తెలిపిన ఘటన చిన్న విమానములో గాక పెద్దదానిలో జరిగినది. 1988 ఏప్రిల్ 28వ తేదీన పసిఫిక్ మహాసముద్రములోని హవాయి ద్వీపములలో అలోహా సంస్థవారి బోయింగ్ 737 విమానము 95 మందితో హీలోనుండి హొనొలులుకు పోవుచుండెను. 24,000 అడుగుల యెత్తున దాని పైకప్పులో పెద్దభాగము ఊడి ఎగిరిపోయెను. విమానపరిచారిక యొకతె గాలికి కొట్టుకొనిపోయి మరణించెను, పెక్కుమంది గాయపడిరి. చోదకులు అట్టి విమానమునే మావీ ద్వీపమున దింపి తక్కినవారి ప్రాణములు కాపాడిరి. ఆ విమానము పందొమ్మిదేండ్లలో 89,680 మాఱులు ఎగిరినది, అదియు ఉప్పుగాలిలో. రేకుల అతుకులలోని జిగురు వదలి తేమ చేరెను, త్రుప్పు పట్టెను, రివెట్ల వెంబడి సన్నని పగుళ్ళు ఒకదానితో నొకటి కలిసెను. విచారణలో బయటపడిన మఱియొక సంగతి నాకు అన్నిటికంటె ముఖ్యముగా తోచుచున్నది. విమానమెక్కుచు ఒక ప్రయాణికురాలు తలుపు దగ్గఱ రేకుపై పగులును చూచినది. చూచియు ఎవ్వరికిని చెప్పలేదు. తెలిసినవారు ముందే చూచియుందురని ఎల్లరమును అట్టి వేళ ఊరకుందుము. ఆ తెలిసినవారు, ఆ విమానమునకు సంబంధించినంతవఱకు, రాత్రిళ్ళు దీపపు వెలుతురున వందలకొలది రివెట్లను ఒకదాని వెంట నొకటి చూడవలసిన మనుష్యులు. నూరవ రివెట్టును చూచునపుడు కన్ను మొదటి రివెట్టును చూచిన కన్ను గాదు.

ఇప్పుడు పరీక్షించు విధానము. మంచి పరీక్షకుడు విమానము దగ్గఱకు పోవుటకు ముందు దాని పుస్తకములను చదువును. ఇది సముద్రతీరమున నుండెనా? ఆరుబయట నుండెనా, విమానశాలలో నుండెనా? నెలల తరబడి ఎగురక పడియుండెనా? ఎప్పుడు రంగు వేసిరి, వేసిన పిమ్మట చుక్కానులను తూచిరా? ఎగురుచున్న విమానముకంటె ఊరకపడియున్నది త్వరగా చెడును. యజమానులు ఈ మాటను సులభముగా నమ్మరు.

పిమ్మట కడుగుట. మురికిపై త్రుప్పు కనబడదు. ఆరినతరువాత టార్చిదీపమును రేకునకు ఎదురుగా పట్టక, ప్రక్కనుండి, రేకునానుకొని వెలుతురు పాఱునట్లు పట్టవలయును. సాయంకాలపు నీరెండలో దుక్కిలోని ప్రతి గడ్డయు నీడ వేయును గదా; అట్లే రేకుపై గల చిన్న యుబ్బును నీడ వేసి బయటపడును. రెండు రివెట్ల నడుమ రేకు దిండువలె ఉబ్బినచో క్రింద త్రుప్పు పొడి చేరినదని అర్థము. ఆ పొడి తాను పుట్టిన లోహముకంటె ఎక్కువ చోటు ఆక్రమించును. రేకును పైకి త్రోయును, ఒక్కొక్కప్పుడు రివెట్టు తలనే త్రెంచివేయును. రంగు క్రింద పురుగు తొలిచినట్లు సన్నని వంకరగీతలు పాఱియుండుట మఱియొక గుర్తు. రంగు పొక్కులు, అతుకులవెంట తెల్లని లేక బూడిదవన్నె పొడి, రివెట్టు వెనుక నల్లని పొగచార యివియు చూడవలసినవే. ఆ చార యున్నచోట రివెట్టు వదులై కదలుచున్నదని తెలియును. అంచులయందు లోహము తడిసిన పుస్తకపు పుటలవలె పొరలు విడినచో ఇక రంగుతోగాని మందుతోగాని పనిలేదు.

కన్ను అయినతరువాత చేయి. చుక్కానిని మెల్లగా ఆడించి కీళ్ళలో వదులున్నదేమో, గరగరలాడునేమో చూచును. గోటితో అంచును తడవును. అడుగు రంధ్రములలో మెత్తని పుల్లను పెట్టి తెఱచియున్నవో లేవో తెలిసికొనును. ఇనుపతీగెను పెట్టరాదు, రేకు గీచుకొనును. చుక్కానిని పైకి క్రిందికి ఆడించినపుడు లోపల ఏదైన జరజర జాఱిన చప్పుడు వినబడినచో, అది నీరో, రాలిన పొడియో, విడిన రివెట్టో కావచ్చును.

పిదప చెవి. సంతలో కుండ కొను స్త్రీ దానిని వ్రేలితో కొట్టి చూచును. మంచి కుండ ఖంగుమనును, పగులు కుండ బొదబొదమనును. పరీక్షకుడు ఒక నాణెమును తీసికొని పలకయంతట వరుసగా తట్టుచు పోవును. నురుగు నింపిన పలకలయందును, జిగురుతో అతికించిన పలకలయందును ఇది మిక్కిలి ఫలించును; రేకు లోపలినుండి విడిపోయినచోట ధ్వని చచ్చిపోవును. రివెట్లతో మాత్రమే బిగించిన పలకలయందు ధ్వనిని అంతగా నమ్మరాదు. అక్కడ చిన్న అద్దమును, సన్నని గొట్టపు కొనకు దీపమును దర్పణమును గల బోరోస్కోపును రంధ్రముల గుండ లోపలికి పంపి చూతురు. అప్పటికిని అనుమానము తీఱనిచో యంత్రములున్నవి. రేకులో చిన్న విద్యుత్ సుడులను పుట్టించి పగుళ్ళను కనుగొను ఎడ్డీ కరెంటు యంత్రము, శబ్దతరంగములతో రేకు మందమును కొలుచునది, ఎక్స్‌రేలు, పగులులోనికి పాఱి దానిని ఎఱ్ఱగా చూపు రంగుద్రవము. ఇవన్నియు గొప్పవే, కాని యంత్రమును ఎచ్చట పెట్టవలెనో చెప్పునది మనుష్యుడే.

చుక్కానులను లాగు ఉక్కుత్రాళ్ళను మఱువరాదు. చిన్న విమానములలో వాడు త్రాళ్ళలో పేరుపడిన యొక రకమున, పందొమ్మిది తీగెల చొప్పున ఏడు పేటలు, అనగా 133 సన్నని తీగెలు కలిసి పేనబడి యుండును. బయట మెఱయుచున్న త్రాడు లోపల త్రుప్పు పట్టియుండవచ్చును. గుడ్డముక్కతో త్రాటిని చుట్టి పట్టి పొడవునను లాగినచో, తెగిన తీగెకొన గుడ్డకు తగులుకొనును. వట్టిచేతితో లాగినవానికి ఆ సంగతి మఱింత త్వరగా తెలియును, నెత్తురుతో సహా. కప్పీల దగ్గఱ త్రాటిని విప్పి కొంచెము వంచి లోపలి పేటలను చూతురు.

త్రుప్పు దొరకినమీదట చేయవలసినది నిర్మాతల గ్రంథములో వ్రాసియుండును, పరీక్షకుని యిష్టము గాదు. పైపైని యున్నచో పొడియంతయు తొలగించి, ఇంకను మిగిలిన మందమును కొలిచి, అనుమతించిన హద్దులో నున్నచో మందు పూసి రంగు వేయుదురు. ఉక్కుతీగెల బ్రష్షుతో అల్యూమినియమును తోమరాదు. ఉక్కురజను రేకులో దిగబడి క్రొత్త త్రుప్పునకు విత్తనమగును. రంగు వేసిన చుక్కానిని విప్పి, కీళ్ళపై నిలిపి, మరల తూచవలయును. ఈ తూకమును విడిచి, చూపునకు అందముగా రంగు వేసి పంపిన పనిని నేను మంచి పని యనజాలను. హద్దు దాటినచో రేకును మార్చవలెను, లేదా చుక్కానినే మార్చవలెను. క్రొత్తది ఖరీదైనది, దూరదేశమునుండి రావలసినది. అంతవఱకు విమానము కదలరాదు. యజమాని వేచియుండును, శిష్యులు వేచియుందురు, దినదినమునకు నష్టము పెరుగును. అట్టివేళ సంతకము చేయనని చెప్పుట పరీక్షకుని ఉద్యోగములో నన్నిటికంటె బరువైన పని. అది నాణెముతో తట్టుటవంటిది కాదు.

ఈ విద్యను అభ్యసింపగోరు బాలబాలికలును వారి తలిదండ్రులును ఒక విషయము గమనింపవచ్చును. మన దేశమున విమానముల మరమ్మతు ఇంజనీరు కావలెనన్నచో ఇంటర్మీడియటులో భౌతిక, రసాయన, గణితశాస్త్రములు చదివి, పౌర విమానయాన డైరెక్టరు జనరల్ కార్యాలయమువారు అంగీకరించిన శిక్షణాలయములో నేర్చి, వారి పరీక్షలలో కృతార్థులై అనుమతిపత్రము పొందవలయును. అది లేనివాడు ఎంత నేర్పరియైనను విమానమును ఎగురుటకు విడువజాలడు. పిల్లలు రసాయనశాస్త్రపు గదిలో యశదపు ముక్కను ఆమ్లములో వేసి బుడగలను చూచునపుడు చదువునది ఈ వృత్తికి మొదటి పాఠమే.

పనికిరాదని తేలిన చుక్కానిని ఊరక మూలను పడవేయరు. రంగు నిగనిగలాడుచు, కొలతలు సరిగానున్న ఎలివేటరును చూచి, ఎవడో నొకడు చవుకగా కొని మఱియొక విమానమునకు తగిలింపవచ్చును. కావున దానిపై పనికిరాదను చీటి కట్టి, పుస్తకములో దాని సంఖ్యను వ్రాసి, పిమ్మట దూలము తెగునట్లు రంపముతో అడ్డముగా రెండుగా కోసి, తరువాతనే పాతసామాను వానికి అమ్ముదురు.